ఎత్తు, భయము, విమానము

విమానము నడుపువానికి ఎత్తన్న భయమా యని శ్రోతలు నవ్వుదురేమో. నవ్వవలసిన విషయమే. చాలకాలము విమానములు నడిపి విశ్రాంతి పొందిన నాకు నేటికిని మేడపై పిట్టగోడ ప్రక్క నిలిచినచో అరికాళ్ళు జల్లుమనును. ఈ భయమును దాచి కొంతకాలము, ఒప్పుకొని కొంతకాలము గడిపితిని.

మాది తిరుపతి. అలిపిరినుండి తిరుమలకు 3550 మెట్లు. గాలిగోపురము దాటిన పిదప కూడ కొంతదూరము నాకు చింత లేకుండెడిది. మోకాళ్ళమిట్టకు ముందు అవ్వాచారికోన వచ్చును. ప్రక్కనే లోయ. ఎనిమిదేండ్ల వయస్సున అచ్చట కాళ్ళు బిగుసుకొని కూలబడితిని. మా అవ్వ కోపపడలేదు. “కిందకి చూడొద్దు నాయనా, నా మడమలు చూసుకుంటా రా. లోయ యాడికీ పోదులే” అన్నది. పగిలిన ఆ మడమలను చూచుచు కొండ చేరితిని.

మనము నిలుచుటకు కన్ను, లోచెవి, కీళ్ళు కండరములు కలసి సాక్ష్యమిచ్చును. నిలిచిన మనిషి కదలకున్నట్లు కనిపించినను కొంచెము ఊగుచునే యుండును. దగ్గరి వస్తువుల కదలికనుబట్టి కన్ను ఆ ఊపును సరిదిద్దును. లోయ అంచున ఎదుట దగ్గరి వస్తువేదియు లేదు, కన్నుకు ఆధారము చిక్కదు, ఊపు హెచ్చును, పడిపోవుచున్నామని శరీరము మొఱపెట్టును. కనుక దీనిని పిఱికితనమనుట న్యాయము కాదు. 1960లో గిబ్సన్, వాక్ అను అమెరికా శాస్త్రజ్ఞులు ప్రాకు వయస్సు శిశువులను గాజుపలకపై విడిచిరి. గాజు క్రింద పల్లము కనబడుచోట, తల్లి పిలిచినను, వారిలో చాలమంది ముందునకు రాలేదు.

మఱి విమానములో? విచిత్రమేమన, అచ్చట ఈ భయము చాలమందికి కలుగదు. నేలను మన పాదములతో కలుపు గోడగాని కొండచరియగాని లేదు. చుట్టును గది, క్రింద ఆసనము. నేల పటమువలె పరచుకొని యుండును. శిక్షణలో నేను ఐదువేల అడుగుల ఎత్తున నిశ్చింతగా నుండి, రెక్కలోని పెట్రోలు చూచుటకు చిన్ననిచ్చెన యెక్కి వణకినవాడను!

చిక్కు వచ్చినది విమానమును 45 డిగ్రీలు ఒరిగించి త్రిప్పునప్పుడు. ప్రక్క కిటికీలో ఆకాశము పోయి నేల నిండినది. నాకు అవ్వాచారికోనయే కనబడినది. చేతులు బిగిసి ముక్కును ఎత్తిపట్టుట మఱచితిని. చూచుచుండగనే 300 అడుగులు దిగిపోయితిమి. శిక్షకుడు అందుకొని సరిచేసి, “ఏమయ్యా, భయమా?” యనెను. “కాదండీ, గాలి” యంటిని. అబద్ధము. ఆ రాత్రి నిద్రపట్టలేదు. నిజము చెప్పినచో ఇంటికి పంపుదురు; చెప్పకున్నచో ఒకనాడు నాతో కూర్చున్నవారికి ప్రాణాపాయము. తెల్లవారి చెప్పితిని.

ఆయన నన్ను పంపివేయలేదు. ఆ దినమున 15 డిగ్రీలకు మించి ఒరిగింపనీయలేదు. గుండెదడ తగ్గువరకు అదే. కొన్ని దినములకు 30, ఆ పిదప 45. “కిటికీ చూడకు, ముక్కును దిగంతరేఖను చూడు” అనెడివాడు. మా అవ్వ మాటయే! సరిగా త్రిప్పిన విమానములో బలము మనలను ప్రక్కకు కాక ఆసనములోనికే అదుమునని, 60 డిగ్రీల ఒరుగులో మన బరువు రెండింతలగునని లెక్క చెప్పెను. ఆ లెక్క నాకు ధైర్యము చెప్పిన వేయిమాటలకంటె నెక్కువ పనిచేసినది.

ఇట్లు మెట్టుమెట్టుగా భయమునకు అలవాటుపడు పద్ధతిని 1958లో జోసెఫ్ వోల్పే యను వైద్యుడు గ్రంథమున వివరించెను. అంతకు చాలముందే జర్మను మహాకవి గేటె యువకుడుగా స్ట్రాస్‌బర్గు దేవాలయశిఖరము పదేపదే యెక్కి తన భయమును అణచుకొనెను. ఆయన ఒంటరిగా చేసినాడు. అది అందరికి తగదు. చేతులు స్తంభించునంత భయమున్నవారు వైమానిక వైద్యునికి చెప్పవలెను. మత్తుమాత్ర మ్రింగి విమానమెక్కుట మాత్రము మహాపరాధము.

ఒక మాట. ఎత్తుభయము వేఱు, మేఘములో దిక్కుతప్పుట వేఱు. రెండవది నిర్భయులను కూడ చంపును. ఒకే తీరున తిరుగుచున్న విమానములో కొన్ని సెకనులకే లోచెవిలోని ద్రవము కుదుటపడి, నేరుగా పోవుచున్నామని తోచును. అప్పుడు శరీరమును నమ్మరాదు, యంత్రపు ముల్లును నమ్మవలెను. తన శరీరము అబద్ధమాడునని చిన్ననాడే యెఱిగిన నాకు ఈ పాఠము త్వరగా పట్టుబడినది.

ఇటీవల మఱల నడచి కొండకు పోయితిని. అవ్వాచారికోన యొద్ద ఆగి, లోయవైపు తిరిగి నిలిచితిని. అరచేతులు చెమర్చినవి. పది నిమిషములు గడియారము చూచుకొని, చెమట ఆరిన పిదప మోకాళ్ళమిట్టవైపు నడచితిని.