ఇంగ్లీషు నుడికారము



1984వ సంవత్సరమున నేను కోనసీమలో నొక లంకగ్రామపు పాఠశాలలో క్రొత్తగాఁ దెలుఁగు పండితుఁడనై చేరితిని. ఆ యూర ఇంగ్లీషు చదువఁగలవారు తక్కువ. నాకు వచ్చినదియు నిఘంటువు సాయముతోడి యింగ్లీషే. ఒకనాఁ డొక వృద్ధ రైతు జాబు తెచ్చెను. ఆయన కుమారుఁడు అండమాను దీవులలోఁ గలప నఱకు పనికిఁ బోయియుండెను. తోడి పనివాఁడొక వంగదేశీయుఁడు వ్రాసిన జాబది. కుమారునికి జ్వరము పట్టుకొన్నదనియు, అతఁ డింకను 'అవుట్ ఆఫ్ ది వుడ్స్' కాలేదనియు నందుండెను. 'వుడ్స్' అనఁగా నడవులు. "జ్వరము తగిలినదఁట. మీవాఁ డింకను అడవినుండి రాలేదఁట" అని చదివి చెప్పితిని. పనిలోనే యున్నాఁడు గదా, స్వల్పజ్వరమే కాఁబోలునని తండ్రి నిశ్చింతుఁడై కోతలకుఁ బోయెను.

ఆ మాట కర్థము, గండము గడువలేదని. రెండవ జాబు వచ్చుసరికి మూఁడు వారములయ్యెను. దైవవశమునఁ బిల్లవాఁడు బ్రదికెను. కాని ప్రాణము మీఁదికి వచ్చిన యన్నాళ్లును తనవా రొక్కరును మంచముకడ లేరు. ఆ తండ్రి నన్నొక్కమాట యనలేదు. అటుపిమ్మట జాబు తెచ్చినప్పుడెల్ల, విప్పకముందే, "పంతులుగారూ, ఇందులో అడవేమైనా ఉందాండీ?" అని యడుగుచుండెడివాఁడు.

ఇంగ్లీషు చాలకపోవుటకు నేను సిగ్గుపడను. అలంకారశాస్త్రము చదివినవాఁడనై యుండియుఁ దప్పితినే యని సిగ్గుపడుదును. గంగలో గొల్లపల్లె యున్నదన్నచో నీటిలోఁ గాదు, ఒడ్డున నని చెప్పికొనుట తొలినాఁటి పాఠమే. 'కుశలుఁడు' అన్నచో దర్భలు కోయువాఁ డని యెవఁడు చెప్పును? 'వాని చేతి కెముక లేదు' అన్నచో దాత యని మెచ్చుకొందుము గాని వైద్యునికొఱకుఁ బరుగెత్తము. రాజమహేంద్రవరమునఁ గొంతకాల ముద్యోగము చేసిన సి. పి. బ్రౌను దొర 1852లో అచ్చైన తన తెలుఁగు-ఇంగ్లీషు నిఘంటువులో మాటలతోపాటు మన పలుకుబళ్లను గూడ నెక్కించెను. పరాయివాఁడు మన భాషకుఁ జేసిన యా మర్యాదను నేను ఆయన భాషకుఁ జేయనైతిని.

మీ పిల్లల జాబులలోను, కచ్చేరి కాగితములలోను దగులు మాటలు మఱి కొన్ని చెప్పెదను. 'రెడ్ టేప్' అనఁగా నెఱ్ఱనాడ. ఇంగ్లండులో సర్కారు కాగితములను దానితోఁ గట్టెడివారు. కావున దస్త్రము కదలక చిక్కుపడుటకే యది పేరైనది. 'వైట్ ఎలిఫెంట్' అన్నచో మనకు ఐరావతము తలఁపునకు వచ్చును. వారికది మేపలేక, విడువలేక యేడిపించు సొత్తు. సయాము రాజులు తమకు గిట్టని కొలువువారికిఁ దెల్లయేనుఁగును బహుమానమిచ్చి, మేఁతఖర్చుతోనే వారిని జెఱచెడివారని కథ. ఎంత నిజమో యా రాజులకే తెలియవలెను.

'న్యూకాసిలుకు బొగ్గులు మోయుట' యని యింకొకటి. న్యూకాసిలు ఇంగ్లండులో బొగ్గు ఎగుమతికిఁ బేరుపడిన రేవు. దీనిని బడిలో వివరింపఁబూని, "కోనసీమకుఁ గొబ్బరికాయలు మోయుట" యంటిని. పిల్లలు నవ్విరి, మఱి వివరింప నక్కఱ లేకపోయెను.