విరేచనాలు లేకపోతే ఆరోగ్యం ఉన్నట్టేనా?

(ఆదిలాబాద్ జిల్లా బోథ్‌లో మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కడుపులో పురుగుల గురించి మాట్లాడటానికి సభ ఎందుకని పొద్దున ఒక అక్క నవ్వింది. ఈ మాట మనం నలుగురిలో ఎత్తం. మొదట సిగ్గు, తర్వాత "అందరికీ ఉండేదే గదా" అన్న అలవాటు. ఈ రెండింటి చాటునే మన రక్తం పోతోంది.

పల్లెల్లో తిరిగేటప్పుడు నేనూ చాలాకాలం ఒక పొరపాటు చేశాను. విరేచనాలవుతున్న వాళ్ల పేర్లే రాసుకునేదాన్ని. ఒక ఇంట్లో పిల్లవాడి సంగతి అడిగి లేస్తుంటే వాళ్లమ్మ, "నన్ను అడగవా చెల్లె? నాకు మోషన్లు లేవు గని, పత్తి చేన్ల రెండు సాళ్లు కలుపు తీస్తే కండ్లు తిరుగుతున్నయి" అంది. పరీక్ష చేయిస్తే రక్తం తక్కువ, మలంలో కొంకిపురుగు గుడ్లు. అంతకుముందు ఆమె రెండుసార్లు దవాఖానకు పోయింది. "మంచిగ తిను" అని పంపించారు. మల పరీక్ష ఎవరూ రాయలేదు. విరేచనాలు లేవు కదా!

కొంకిపురుగు తీరే అంత. ఆరుబయట పడిన మలంలోని గుడ్లు తడి నేలలో పిల్లలవుతాయి. ఉత్త కాళ్లతో నడిచేవాళ్ల చర్మంలోంచి దూరి, చివరికి చిన్నపేగును కరిచి పట్టుకుని రక్తం తాగుతాయి. చాలామందికి విరేచనాలుండవు, రక్తహీనతే ఉంటుంది. అమీబా సోకినవాళ్లలోనూ ఎక్కువమందికి ఏ బాధా తెలియదు. కానీ వాళ్లనుంచి ఇతరులకు సోకుతుంది.

దీనికి రెండో వైపు కూడా ఉంది. విరేచనాలవుతున్న మనిషి మలంలో పరాన్నజీవి కనిపించగానే అదే కారణమని అనుకోకూడదు. కలకత్తాతో సహా ఆసియా, ఆఫ్రికాల్లో ఏడు చోట్ల జరిగిన పెద్ద అధ్యయనం 2013లో వెలువడింది. తీవ్ర విరేచనాలున్న పిల్లలతోపాటు లేని పిల్లలనూ పరీక్షించారు. జియార్డియా అనే పరాన్నజీవి విరేచనాలు లేని పిల్లల్లోనూ విరివిగా కనిపించింది. తీవ్ర విరేచనాలకు ముఖ్య కారణాల్లో రోటావైరస్, క్రిప్టోస్పోరిడియం తేలాయి. తమిళనాడులోని వేలూరుతో సహా ఎనిమిది దేశాల్లో పసిపిల్లలను వెన్నంటి చూసిన మరో అధ్యయనంలో, ఆరు నెలల్లోపే జియార్డియా సోకి వదలని పిల్లలు రెండేళ్లకు ఎత్తు తక్కువగా ఉన్నారు. అంటే విరేచనాలతో పని లేకుండానే ఎదుగుదలకు దెబ్బ.

అందుకే విరేచనాలైతే ముందు లీటరు నీళ్లలో ఓఆర్ఎస్ పొట్లం కలిపి తాగించాలి. పిల్లలకు 14 రోజులు జింకు ఇవ్వాలి. మలంలో రక్తం పడినా, బిడ్డ తాగలేకపోతున్నా వెంటనే దవాఖానకు తీసుకుపోవాలి. విరేచనాలు లేకున్నా రక్తం తక్కువుంటే మల పరీక్ష అడగాలి.

ఇప్పుడు హక్కు సంగతి. 2015లో మొదలైన జాతీయ నులిపురుగుల నివారణ దినం నాడు 1 నుంచి 19 ఏళ్ల వాళ్లకు ఆల్బెండజోల్ ఇస్తారు. గర్భిణికి మూడు నెలలు దాటాక ఇవ్వాలని 2018 నాటి రక్తహీనత నివారణ కార్యక్రమం చెప్పింది. మంచిదే. మరి ఇరవై దాటి, కడుపుతో లేని కూలి స్త్రీ? మనం బడిపిల్లగానో, కాబోయే తల్లిగానో ఉంటే తప్ప కనబడమా? పురుగుల బెడద ఎక్కువున్న చోట పిల్లలు కనే వయసులో ఉండి కడుపుతో లేని స్త్రీలందరికీ మాత్ర ఇవ్వాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లోనే చెప్పింది. చేన్లో వంగి పనిచేసే స్త్రీగానే మనకు ఆ మాత్ర దక్కాలి.

మాత్ర ఒక్కటే చాలదు. అదే నేల తొక్కితే, అవే నీళ్లు తాగితే మళ్లీ సోకుతుంది. కలుషితం కాని నీరు జీవించే హక్కులో భాగమని సుప్రీంకోర్టు 1991లో సుభాష్ కుమార్ కేసులో చెప్పింది. నల్లా రాని రోజు వాగు చెలమే దిక్కయితే ఆ హక్కు ఎక్కడున్నట్టు? మరుగుదొడ్డి కట్టి నీళ్లివ్వకపోతే ఆ బిందెలు మోసేదీ మనమే. "చేతులు కడుక్కో" అనేముందు నీళ్లేవని అడుగుదాం.

ఊళ్లకు తిరిగి వెళ్లాక "ఇంట్లో ఎవరికి విరేచనాలు?" అని అడిగి ఊరుకోకండి. "ఎవరికి ఆయాసం? ఎవరికి కండ్లు తిరుగుతున్నాయి?" అని కూడా అడగండి. ఆ పేర్లు రాసుకుని, ఆ స్త్రీలతో కలిసి దవాఖానకు నడవండి. పరీక్ష రాసేదాకా తిరిగి రాకండి.