ఇల్లు అమ్మేటప్పుడు ఎంత చెప్పాలి?

(సిబ్బంది కుటుంబాల కోసం ఏర్పాటు చేసిన ఆర్థిక అవగాహన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

ఇంటి అప్పు గురించి మాట్లాడమని నన్ను చాలాసార్లు పిలిచారు. ఇల్లు అమ్మడం గురించి చెప్పమనడం ఇదే మొదలు. మన కుటుంబాల్లో ఈ అవసరం తక్కువేమీ కాదు. రిటైరయ్యాక పిల్లలున్న ఊరికి వెళ్ళేవారున్నారు. బదిలీల మధ్య ఎప్పుడో కొన్న ఫ్లాటును వదిలించుకోవాలనుకునేవారున్నారు. అమ్మానాన్నల ఇంటిని అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు పంచుకోవలసినవారూ ఉన్నారు.

మన విశ్రాంత సహోద్యోగి ఒకరి విషయం చెబుతాను. పేరు అడగకండి. గుంటూరులో 165 గజాల స్థలంలో ఇల్లు. వెయ్యి చదరపు అడుగులు, కట్టి ఇరవై ఏళ్ళు. అమ్మాయి బెంగళూరులో ఉంది కాబట్టి ముందుగా అక్కడ ఫ్లాటు కొనేశారు. అందుకోసం కూతురితో కలిసి 40 లక్షల అప్పు తీసుకున్నారు. గుంటూరు ఇల్లు అమ్మి ఆ అప్పు తీర్చేయాలని ఆలోచన. ఇంటికి 85 లక్షలు చెప్పారు. మొదటి నెలలోనే ఒకరు వచ్చి 73 ఇస్తామన్నారు. ఈయన ససేమిరా అన్నారు.

ఆ 85 ఎక్కడి నుంచి వచ్చింది? వీధి చివరి ఇల్లు 85కి పోయిందని విన్నారు. నిజమే. కానీ అది 200 గజాలు, తూర్పు ముఖం, రెండు వైపులా రోడ్డు. ఈయనది దక్షిణ ముఖం. వాస్తు మీద మీకు నమ్మకం ఉండకపోవచ్చు, నాకూ అంతంతమాత్రమే. కొనేవాళ్ళకు ఉంటే ధరలో తగ్గేది మనకే కదా.

ఆయన ఇంటికి వాల్యుయర్ లెక్క ఎలా ఉంటుందో చూద్దాం. స్థలం గజం 36 వేల చొప్పున 59 లక్షల 40 వేలు. ఇంటిని ఈరోజు కొత్తగా కట్టాలంటే అడుగుకు 1,800 చొప్పున 18 లక్షలు. కాంక్రీటు కట్టడానికి అరవై ఏళ్ళ ఆయుష్షు, చివరికి పది శాతం మిగులుతుందన్న మామూలు లెక్క వేస్తే ఏడాదికి ఒకటిన్నర శాతం తరుగు. ఇరవై ఏళ్ళకు 30 శాతం పోయి 12 లక్షల 60 వేలు మిగులుతుంది. మొత్తం 72 లక్షలు. మీరు దగ్గరుండి చేయించిన టేకు గుమ్మాలు, పెరట్లో పెంచిన మామిడి చెట్టు, పిల్లల పెళ్ళిళ్ళు జరిగిన హాలు... వీటికి వాల్యుయర్ ఫారంలో గడి లేదు. ఫ్లాటు అయితే ముఖ్యంగా చూడవలసింది భూమిలో మీ అవిభాజ్య వాటా ఎన్ని గజాలో. పాత అపార్టుమెంట్లలో విలువంతా అక్కడే ఉంటుంది.

ఇప్పుడు కొనేవాళ్ళ వైపు కూర్చుని చూడండి. మన కౌంటరుకు ఇవతల రోజూ చేసే లెక్కే ఇది. అప్పు 30 లక్షలు దాటి 75 లక్షల లోపు అయితే, ఆస్తి విలువలో 80 శాతం మించకూడదని రిజర్వు బ్యాంకు నిబంధన. విలువ అంటే వాల్యుయర్ చెప్పినది, అగ్రిమెంటులో రాసినది, ఈ రెంటిలో తక్కువది. 72 లక్షల మీద 80 శాతం అంటే 57 లక్షల 60 వేలు. మీరు 75 చెప్పినా, 85 చెప్పినా బ్యాంకు ఇచ్చేది అంతే. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్ కలిపి ఏడున్నర శాతం దాకా అవుతుంది. దానికి అప్పు రాదు. 75 లక్షలకైతే కొనేవాళ్ళు చేతి నుంచి సుమారు 23 లక్షలు తేవాలి. 85కైతే దాదాపు 34 లక్షలు! జీతం మీద బతికే కుటుంబానికి ఆ పదకొండు లక్షలు ఎక్కడి నుంచి వస్తాయి? వాళ్ళు బేరం కూడా ఆడరు. "ఆలోచించి చెబుతాం" అని వెళ్ళిపోతారు.

ధర ఎక్కువ చెప్పి తర్వాత తగ్గించుకుందాంలే అనుకుంటాం. ఇల్లు అమ్మకానికి పెట్టిన మొదటి నాలుగైదు వారాల్లోనే నిజంగా కొనేవాళ్ళు వచ్చి చూస్తారు. ఆ తర్వాత బోర్డు అలాగే వేలాడుతుంటే ఊళ్ళో ఏమంటారో మీకు తెలుసు. "ఇంకా పోలేదా? ఏదో లిటిగేషన్ ఉండి ఉంటుంది." ఆ మాట పుట్టాక మీరు ధర తగ్గిస్తే అనుమానం ఇంకా బలపడుతుంది. ఆషాఢం, శూన్యమాసం వచ్చాయంటే ఇంకో నెల పోయినట్టే.

మన మిత్రుడికి ఇవన్నీ తెలియవని కాదు. ముప్ఫై ఏళ్ళు ఇతరుల ఆస్తుల విలువ చూసి అప్పులిచ్చిన మనిషి. సొంత ఇంటి దగ్గరికి వచ్చేసరికి చూపు మారింది. చివరికి పదిహేనో నెలలో 74కి అమ్మారు. మొదట వచ్చిన బేరం కంటే లక్ష ఎక్కువ. ఈలోగా 40 లక్షల మీద ఎనిమిదిన్నర శాతం వడ్డీ, నెలకు 28 వేల పైచిలుకు. మొత్తం నాలుగు లక్షలు అక్కడే పోయాయి.

అసలు దెబ్బ పన్ను దగ్గర తగిలింది. ఇల్లు అమ్మిన లాభాన్ని మరో ఇంటిలో పెట్టామని మినహాయింపు కోరాలంటే, కొత్త ఇల్లు పాతది అమ్మిన తేదీకి ముందు ఏడాదిలోపల గానీ, తర్వాత రెండేళ్ళలోపల గానీ కొని ఉండాలి. ఈయన కొత్తది ముందు కొన్నారు కాబట్టి పాతది ఏడాదిలో అమ్మాలి. ఆ గడువు దాటిపోయింది. లాభం 50 లక్షలనుకుంటే, పన్నెండున్నర శాతం చొప్పున ఆరు లక్షల పాతిక వేలు, పైన సెస్సు. 2024 జులై 23కు ముందు కొన్న ఆస్తి కాబట్టి 20 శాతం ఇండెక్సేషన్ లెక్క కూడా వేసి ఏది తక్కువైతే అది కట్టవచ్చు. బాండ్ల దారీ ఉంది గానీ, అమ్మిన ఆరు నెలల్లో కొనాలి, 50 లక్షలే పరిమితి, అయిదేళ్ళు కదపడానికి లేదు. అప్పు తీర్చవలసిన మనిషికి అది పనికొచ్చే దారి కాదు.

మరి ఎంత చెప్పాలి? ముందు సొంత డబ్బుతో ఒక వాల్యుయర్ చేత రిపోర్టు రాయించుకోండి. అందులో మార్కెట్ విలువతో పాటు త్వరగా అమ్మితే ఎంత, తప్పనిసరై అమ్మితే ఎంత అని కూడా ఉంటుంది. తర్వాత ఇద్దరు మధ్యవర్తులను విడివిడిగా అడగండి. "మా ఇంటికి ఎంత వస్తుంది?" అని అడిగితే మీకు నచ్చే అంకె చెబుతారు. "ఈ వీధిలో చివరగా అమ్ముడైన ఇల్లు ఎంతకు పోయింది, ఎన్నాళ్ళు పట్టింది?" అని అడగండి. వాల్యుయర్ చెప్పిన అంకె మీద బేరానికి నాలుగైదు శాతం కలుపుకోండి, చాలు. మన బ్యాంకు వేలాల్లోనే చూడండి. రిజర్వు ధరకు ఒక్క బిడ్డూ రాకపోతే, ధర తగ్గించి మళ్ళీ నోటీసు ఇస్తాం. బ్యాంకుకు లేని పట్టుదల మనకెందుకు?

కిందికి దిగడానికీ ఒక హద్దు ఉంది. రిజిస్ట్రేషన్ విలువ మీ ధర కంటే పది శాతానికి మించి ఎక్కువగా ఉంటే, పన్ను లెక్కకు ఆ విలువనే తీసుకుంటారు. కాగితం మీద తక్కువ రాసి మిగతాది నగదు ఇస్తామనే వాళ్ళతో జాగ్రత్త. ఆస్తి బేరంలో 20 వేలు, ఆపైన నగదు తీసుకోకూడదు. తీసుకుంటే అంత మొత్తమూ జరిమానా పడవచ్చు. ఉద్యోగంలో ఉన్నవారికైతే విజిలెన్సు సంగతి నేను వేరే చెప్పనక్కరలేదు.

ఇక ఇంట్లో మాట. అతి తక్కువ ఎంతకు ఇస్తారో భార్యాభర్తలు, వాటాదారులు ఉంటే వాళ్ళూ, మొదటి పార్టీ గుమ్మం తొక్కకముందే కాగితం మీద రాసుకోండి. బేరం కుదిరే వేళ అమెరికా నుంచి అబ్బాయి ఫోన్ చేసి "తొంభైకి తక్కువ వద్దు నాన్నా" అంటే ఆ బేరం అక్కడే ఆగిపోతుంది. అబ్బాయిని కూడా ముందే కూర్చోబెట్టండి, వీడియో కాల్‌లో అయినా సరే.

ఈసీ, లింకు డాక్యుమెంట్లు, ప్లాన్, పన్ను రసీదులు ముందే సిద్ధం చేసుకోండి. అనుమతి లేకుండా వేసిన పై అంతస్తుకు బ్యాంకు విలువ కట్టదు, కాబట్టి మీ ధరలోనూ దాన్ని కలపకండి. స్టాఫ్ లోన్ ఇంకా నడుస్తుంటే అసలు తీరినా వడ్డీ బాకీ ఉండవచ్చు, అది తీరితే గానీ పత్రాలు చేతికి రావు. బ్రాంచిలో ముందుగా లెక్క కట్టించుకోండి.

ఇక మీ ప్రశ్నలు. ఇంటి కాగితాలు వెంట తెచ్చుకున్నవాళ్ళు ముందు వరుసలోకి రండి, మీ లెక్కలతోనే మొదలుపెడదాం.