సీమ ప్రయాణం – సీమసున్నం

(మన పాఠశాల ప్లాటినం జూబిలీ సభలో ప్రధానోపాధ్యాయిని చేసిన ప్రసంగ పాఠం)



డెబ్బయి ఐదు సంవత్సరాల మన పాఠశాల చరిత్రను నాకు ముందు మాట్లాడిన పెద్దలు సవిస్తరంగా చెప్పారు. నేను దానిని మరల చెప్పబోను. కిందటి జనవరిలో నా గదికి వచ్చిన ఒక తండ్రిని గురించీ, ఆయన అడిగిన ఒక ప్రశ్నను గురించీ మాత్రం చెబుతాను. ఆయన ఈ సభలోనే వెనుక వరుసలో ఎక్కడో కూర్చుని ఉన్నారు. పేరు చెప్పవద్దని ముందుగానే నా వద్ద మాట తీసుకొన్నారు.

ఆయన బొగ్గుగనిలో పనిచేసి విరమించినవారు. తండ్రిగారి కాలంలో కరీంనగర్ జిల్లా నుండి ఇటు వలస వచ్చిన కుటుంబం వారిది. వారి అమ్మాయి ఒకటవ తరగతి నుండి పదవ తరగతి వరకు మన వద్దనే తెలుగు మాధ్యమంలో చదివింది. ఇంట్లో తెలుగు, తుకుం వీధుల్లో మరాఠీ, గని కాలనీలో హిందీ, ఇంగ్లీషు మాత్రం పాఠ్యపుస్తకంలోనే. ఆ తరువాత ఇంజనీరింగు చదివి, బ్యాంకు అప్పు తీసుకొని, పై చదువుకు జర్మనీలోని ఫ్రైబెర్గ్ అనే ఊరికి వెళ్ళింది. అక్కడి గనుల విద్యాలయం 1765లో స్థాపించబడినది. గనికార్మికుని కుమార్తె గనుల శాస్త్రం చదవడానికి అంత పురాతనమైన విద్యాలయానికి వెళ్ళిందని ఆనాడు మేమందరం మిఠాయిలు పంచుకొన్నాము.

ఆయన వచ్చి కుర్చీలో కూర్చోలేదు. నిలబడే అడిగారు. "మేడం, పిల్లను సదువుకొమ్మని పంపితిమి. గిప్పుడు లండన్ సూడపోయిందట. అప్పుకు వడ్డీ నేను కడుతున్న. గిది సదువా, షికారా? పంపుమన్నది మీరే. మీరే చెప్పుండ్రి."

నాకు వెంటనే సమాధానం తోచలేదు. విషయం కనుక్కొంటే తెలిసినది ఇది. అమ్మాయి నాలుగు నెలల పాటు శని, ఆదివారాలలో ఒక భోజనశాలలో గిన్నెలు కడిగి డబ్బు కూడబెట్టుకొన్నది. అప్పు సొమ్ములో పైసా ముట్టలేదు. జర్మనీలో చదువుకొనే అనుమతి ఇంగ్లండులో చెల్లదు. బ్రిటన్ ఐరోపా సమాఖ్యలో ఉన్న రోజులలో కూడ ఉమ్మడి వీసా ఒప్పందంలో చేరలేదు. 2020లో సమాఖ్య నుండే వైదొలగింది. కనుక వేరే వీసా కావాలి. దాని రుసుమే నూరు పౌండ్లకు పైన. ఈ లెక్క చెబితే ఆయన, "ఆ పైసలన్న ఇంటికి పంపచ్చు గద" అన్నారు. అందులో నాకు తప్పు కనిపించలేదు. వడ్డీ కట్టేవారి మాట అలాగే ఉంటుంది.

అప్పుడు నాకు వి.వి. గిరిగారు జ్ఞాపకం వచ్చారు.

వరాహగిరి వెంకటగిరి గారు 1894లో బరంపురంలో జన్మించారు. నేడు అది ఒడిశాలో ఉన్నది. వారిదీ మన వంటి స్థితే, తెలుగు నేలకు సరిహద్దున మరొక భాష నడుమ పెరిగిన తెలుగు కుటుంబం. 1913లో న్యాయశాస్త్రం చదవడానికి ఆయన ఐర్లండులోని డబ్లిన్ నగరం వెళ్ళారు. వెళ్ళిన ఆ సంవత్సరమే డబ్లిన్‌లో యజమానులు వేలాది కార్మికులను పనిలోనికి రానీయక గేట్లు మూసివేశారు. ఆ పోరాటం నెలల తరబడి సాగింది. దాని నాయకులలో జేమ్స్ కొనలీ ఒకరు. న్యాయశాస్త్రం నేర్వబోయిన యువకుడు తరగతి గది బయట చూచిన మొదటి పాఠం అది.

1914 ఆగస్టు 4న బ్రిటన్ యుద్ధంలో దిగింది. రెండు రోజుల తరువాత, ఆగస్టు 6న, గాంధీగారు దక్షిణాఫ్రికా నుండి లండన్ చేరారు. అప్పటికి ఆయన ఇంకా మహాత్ముడు కాలేదు. హైదరాబాదులో పుట్టి పెరిగిన సరోజినీ నాయుడు గారు ఆ రోజులలోనే లండన్‌లో ఆయనను తొలిసారి చూడబోయి, నేలమీద కూర్చుని కొయ్యగిన్నెలో భోంచేస్తున్న ఆ మనిషిని చూచి నవ్వు ఆపుకోలేకపోయారట. డబ్లిన్ నుండి గిరిగారు కూడ లండన్ వెళ్ళి గాంధీగారిని కలిశారు. ఆ కాలంలో డబ్లిన్ దగ్గరి రేవులో స్టీమరెక్కి హోలీహెడ్‌లో దిగి, అక్కడి నుండి రైలులో లండన్ చేరేవారు. ఒక రాత్రి ప్రయాణం.

యుద్ధంలో గాయపడినవారికి శుశ్రూష చేసే రెడ్‌క్రాస్ దళంలో చేరవలసిందిగా గాంధీగారు కోరారు. ఇరవై ఏండ్ల విద్యార్థి సరేనన్నారు. అంత పెద్దమనిషి అడిగితే కాదనడం ఎవరి తరం? కాని ఆ ఒప్పుదలకు తరువాత ఆయన బాధపడ్డారు. తాను చదువుతున్నది బ్రిటిషు పాలన నుండి విముక్తి కోరే దేశంలో. ఆ యుద్ధం మనది కాదని అక్కడ ఎందరో అనుకొంటున్నారు. గిరిగారు ఇచ్చిన మాట వెనుకకు తీసుకోదలిచారు. గాంధీగారు ఆయనను ఆ మాట నుండి విడుదల చేయడమే గాక, ఆ సంగతి ఎవరితోనూ అనలేదని గిరిగారి జీవితచరిత్ర రాసినవారు ఒకరు పేర్కొన్నారు. ఈ వృత్తాంతంలో నాకు ఎవరి మీద ఎక్కువ గౌరవమో ఇప్పటికీ తేల్చుకోలేకున్నాను. మాట తప్పానని ఒప్పుకొన్న విద్యార్థి మీదనా, దానిని గుట్టుగా ఉంచిన పెద్దమనిషి మీదనా? ఉపాధ్యాయులమైన మేము మాత్రం ఆ రెండవ గుణం ఇంకా నేర్వవలసే ఉన్నది. పిల్లల తప్పులను స్టాఫ్ రూములో ఎంత తొందరగా పంచుకొంటామో నాకు తెలుసు.

డబ్లిన్ విశ్వవిద్యాలయ కళాశాలలో గిరిగారికి ఇంగ్లీషు చెప్పిన గురువు థామస్ మెక్‌డొనా అనే కవి. 1916 ఏప్రిల్‌లో జరిగిన ఐరిష్ తిరుగుబాటు నాయకులలో ఆయన ఒకరు. మే 3న ఆయనను కాల్చివేశారు. మే 12న కొనలీని కాల్చారు. భారతీయ విద్యార్థుల బసలలో పోలీసులు సోదాలు జరిపారు. నెల రోజులలో దేశం విడిచి పొమ్మని జూన్ 1న గిరిగారికి ఉత్తర్వు అందింది. జూన్ 21న న్యాయవాదిగా పట్టా పుచ్చుకొని ఆయన స్వదేశానికి తిరిగి వచ్చారు. బి.ఏ. మాత్రం పూర్తి కాలేదు. 1928 నాటి బెంగాల్ నాగపూర్ రైల్వే కార్మికుల సమ్మెను నడిపినది ఈయనే. మన చాందా ఫోర్టు స్టేషనుకు గోందియా నుండి వచ్చే చిన్నబండి ఆనాడు ఆ కంపెనీదేనని ఇక్కడి వృద్ధులకు తెలుసు. 1969లో ఆయన రాష్ట్రపతి అయ్యారు.

ఇంతవరకు చెప్పేసరికి ఆయన కుర్చీలో కూర్చున్నారు. "గిరి సాబ్‌ది ఫోటో మా యూనియన్ ఆఫీసుల ఉండేది" అన్నారు. కొంతసేపు ఊరుకొని, మెల్లగా మళ్ళీ అడిగారు. "ఆయన గాంధీని సూసిండు మేడం. మా పిల్ల ఎవర్ని సూసింది?"

ఉపాధ్యాయురాలిగా ముప్పై ఏండ్లకు పైబడిన నా అనుభవంలో ఇంత మంచి ప్రశ్న ఎవరూ అడగలేదు. అమ్మాయినే అడిగి చెబుతానన్నాను. ఆ ఆదివారం ఫోనులో ఆమె చెప్పినది ఇప్పుడు మీకు చెబుతాను.

రాత్రంతా బస్సులో ప్రయాణించి ఫ్రాన్సులోని కాలే రేవు చేరారు. అక్కడ బస్సునే ఓడలోనికి ఎక్కించారు. తెల్లవారుతుండగా ఎదుట డోవర్ కొండలు కనిపించాయి. నిలువునా తెల్లగా, మైళ్ళ పొడవున ఉన్నాయట. ఆ కొండలన్నీ సుద్దరాయి. "టీచర్, మనం సీమసున్నం అంటాం కదా, నిజంగానే సీమకు సరిహద్దు గోడ సీమసున్నమే" అన్నది. మా అమ్మమ్మ ఇంగ్లండును సీమ అనే అనేది. జీవితమంతా నల్లబల్ల మీద రాసిన నాకు ఆ పదంలో ఒక దేశం దాగి ఉన్నదని తోచనే లేదు. ఈనాడు మన చేతిలోని సుద్దముక్కలు చాలావరకు జిప్సంతో చేసినవని కూడ ఆమే చెప్పింది. సరే, పేరు మిగిలినది.

లండన్‌లో మూడు రోజులు ఉన్నది. రాణుల కోటలకు, మైనపు బొమ్మలకు టిక్కెట్టు కొనలేదు. బ్రిటిష్ మ్యూజియం ప్రవేశం ఉచితం. అక్కడ 33ఏ అనే అద్దాల గదిలో మన అమరావతి స్తూపపు శిల్పాలు ఉన్నాయి. ఆ కథ మీలో కొందరికి తెలిసి ఉంటుంది. కృష్ణా తీరాన పాతబడిన స్తూపాన్ని 1797 ప్రాంతంలో కల్నల్ మెకంజీ మొదట చూచాడు. 1845లో వాల్టర్ ఎలియట్ తవ్వించి అనేక ఫలకాలను మద్రాసుకు చేర్చాడు. అక్కడ అవి ఎండకు, వానకు ఏండ్ల తరబడి పడి ఉన్నాయి. 1859లో నూటికి పైగా రాళ్ళను ఓడలో లండన్ తరలించారు. అక్కడ మాత్రం ఏమి గౌరవం జరిగింది? 1867లో ఫెర్గుసన్ అనే పండితుడు చూచేనాటికి బండ్ల కొట్టంలో పడి ఉన్నాయి. 1880లో గాని మ్యూజియం చేరలేదు.

ఆ గదిలో ఆమె గంటన్నర ఉన్నదట. ఒక ఫలకానికి రెండు వైపులా చెక్కడం ఉన్నది. ఒకవైపు బోధివృక్షం, దాని కింద ఖాళీ ఆసనం, మొక్కుతున్న జనం. అది క్రీస్తుకు పూర్వపు పని. రెండువందల యేండ్లకు పైగా గడిచాక ఎవరో శిల్పులు అదే రాతిని తిరగవేసి, వెనుకవైపున స్తూపం మొత్తాన్ని చెక్కారు. "ఒకటో తరగతిలో పలకకు ఒకవైపు నిండితే మీరు తిప్పి రాయమనేవారు గుర్తుందా టీచర్" అని అడిగింది. నాకు గుర్తు లేదు. ఆమెకు ఉన్నది.

తరువాత ఆమె నన్ను మందలించింది. మందలింపు అనడమే న్యాయం. "మీరు పాలరాతి శిల్పాలు అని చెప్పారు టీచర్. పరీక్షలో నేను అదే రాశాను, మార్కులు కూడ వేశారు. అది పాలరాయి కాదు, పల్నాటి సున్నపురాయి. ఇంగ్లీషువారు మార్బుల్స్ అని పేరు పెట్టడం వల్ల అందరూ అలాగే అంటున్నారు. మన గడ్‌చాందూర్ వైపు సిమెంటు కోసం తవ్వే రాయి కూడ సున్నపురాయే." ఇంగ్లండు చూడబోయి నా విద్యార్థిని గడ్‌చాందూర్ రాతిని తలుచుకొన్నది. ఇన్నేండ్లుగా నేను చెబుతున్న తప్పును దిద్దింది. ఈ సంవత్సరం నుండి మన తరగతులలో సున్నపురాయి అనే చెబుతున్నాము. ఇంతకు ముందు నా వద్ద పాలరాయి అని నేర్చుకొన్న పూర్వ విద్యార్థులందరూ ఈ సభాముఖంగా దిద్దుకోవలసిందిగా కోరుతున్నాను.

ఆమె వెళ్ళేముందు నేను ఒకే ఒక పని చెప్పాను. మన వేమన పద్యాలను సేకరించి అచ్చువేయించి, నిఘంటువు కూర్చిన సి.పి. బ్రౌన్ 1884 డిసెంబరు 12న లండన్‌లో మరణించాడు. కెన్సల్ గ్రీన్ శ్మశానవాటికలో ఆయన సమాధి ఉన్నది. అక్కడ నా పేరున ఒక పువ్వు ఉంచమన్నాను. చివరి రోజు మధ్యాహ్నం పువ్వు కొనుక్కొని వెళ్ళింది. అది చిన్న చోటు కాదు, వేలాది సమాధులు. వాన. డిసెంబరులో అక్కడ నాలుగు గంటలు కాకముందే చీకటి పడుతుంది. సమాధి కనిపించలేదు. రాళ్ళమీద పేర్లు చదువుకొంటూ తిరిగి తిరిగి, చివరకు పేరు పూర్తిగా చెరిగిపోయిన ఒక రాతి మీద పువ్వు ఉంచి వచ్చేసింది. "క్షమించండి టీచర్" అన్నది. ఆ రాత్రే తిరుగు బస్సు.

ఇక్కడ తల్లిదండ్రులకు ఒక మాట. తెలుగు మాధ్యమంలో చేరిస్తే పిల్లలు తుకుం దాటలేరని నాతో వాదించినవారు ఈ సభలో ఉన్నారు. ఆ అమ్మాయి మొదటి సంవత్సరం ఇంగ్లీషుతో, జర్మనుతో చాలా కష్టపడిన మాట నిజం. ఫోనులో ఏడ్చిన రోజులు ఉన్నాయి. దానిని నేను దాచను. కాని సీమసున్నం అనే మాట, పలక అనే మాట ఆమె వెంట తీసుకుపోయినవి ఈ తరగతి గదుల నుండే.

ఆమె చెప్పినవన్నీ నేను ఆ తండ్రికి చెప్పాను. ఆయన విన్నారు. ఏమీ అనలేదు, నమస్కారం పెట్టి వెళ్ళిపోయారు. కోపం తగ్గిందో లేదో నాకు తెలియలేదు.

పదిహేను రోజుల తరువాత ఒక ఉదయం ప్రార్థన వేళకు వచ్చారు. చేతిలో గుడ్డసంచి. అందులో నుండి అరచేతి మందాన ఉన్న బూడిదరంగు రాయి తీసి నా బల్ల మీద పెట్టారు. సిమెంటు ఫ్యాక్టరీలో పనిచేసే బామ్మర్ది చేత గడ్‌చాందూర్ నుండి తెప్పించారట. "పిల్ల చెప్పిన రాయి గిదేనా మేడం?" అని అడిగారు. సైన్సు టీచరును పిలిచి రెండు చుక్కల ఆమ్లం వేయించాను. బుసబుస పొంగింది. ఆయన వంగి, అది పూర్తిగా చల్లారేదాకా చూస్తూ నిలబడ్డారు.

ఆ రాయి ఇప్పుడు ప్రదర్శనలో మూడవ బల్ల మీద, అమ్మాయి పంపిన అమరావతి ఫలకం ఫోటో పక్కన ఉన్నది. సభ ముగిసిన తరువాత అందరూ చూడవచ్చును.