పక్షపాతం అనే ముందు ఒక్క ప్రశ్న
(మండల సమాఖ్య వార్షిక మహాసభలో చేసిన ప్రసంగ పాఠం)



పొదుపు, రికవరీ లెక్కలు నివేదికలో ఉన్నాయి, చదువుకుంటారు. లెక్కల్లో కనబడని సంగతి ఒకటి నేను చెబుతాను. నేను చూసినంతలో సంఘాలు డబ్బు లేక కాదు, "వాళ్లకే చేస్తున్నారు, మాకు చేయట్లేదు" అన్న మాట మీదే ఎక్కువ విడిపోయాయి.

నేను సీసీగా చేసిన ఒక ఊళ్లో రెండు సంఘాలు అప్పు అడిగాయి. ఒకటి గేదెలకు, ఇంకొకటి కౌలు పొలం పెట్టుబడికి. నిధి ఒక సంఘానికే సరిపోతుంది. ఇద్దరి రుణ ప్రణాళికలూ మీటింగులో చదివి వినిపించాను. అయ్యాక ఒక అక్క పక్కకు పిలిచి, "మేడమ్, వాళ్లది నిదానంగా చదివారు, మాది గబగబా కానిచ్చారు" అంది. అరగంట కాలేదు, రెండో సంఘం లీడరు వచ్చి అదే మాట తిరగేసి చెప్పింది! ఇద్దరికీ నేను ఎదుటివాళ్ల మనిషినే అయ్యాను. "నాకు ఎవరూ ఎక్కువ కాదమ్మా" అని ఎంత చెబితే అంత అనుమానం పెరిగింది. తర్వాత మీటింగుకు రెండు సంఘాలూ రాలేదు.

ఇది మన ఊళ్ల జబ్బే కాదని తర్వాత తెలిసింది. 1982లో లెబనాన్‌లోని బేరూత్‌లో శరణార్థి శిబిరాల్లో ఊచకోత జరిగింది. ఆ టీవీ వార్తలను అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో ఇజ్రాయెల్ వైపు మొగ్గేవాళ్లకూ, అరబ్బుల వైపు మొగ్గేవాళ్లకూ చూపించారు. వార్తలు అవే. కానీ "ఇవి మాకు వ్యతిరేకం" అని రెండు వైపుల వాళ్లూ అన్నారు. రాబర్ట్ వల్లోన్, లీ రాస్, మార్క్ లెప్పర్ ఈ సంగతి 1985లో ప్రచురించారు. మన వైపు న్యాయం మనకు పూర్తిగా కనిపిస్తుంది కదా, సగం సగం చెప్పినవాళ్లు మనకు అన్యాయం చేసినట్టే తోస్తుంది. ఒకసారి అలా అనుకున్నాక ఇక వాళ్లు ఏం చెప్పినా చెవికెక్కదు.

మరి మందేమిటి? 1984లో ఇంకో పరిశోధన వచ్చింది. మరణశిక్ష కావాలనేవాళ్లకూ, వద్దనేవాళ్లకూ కొన్ని ఆధారాలు ఇచ్చారు. కొందరికి "న్యాయమూర్తిలా నిష్పక్షపాతంగా చూడండి" అని చెప్పారు. లాభం లేకపోయింది. ఇంకొందరిని, "ఇదే అధ్యయనంలో ఫలితం ఎదుటి వైపుకు వచ్చి ఉంటే, అప్పుడూ ఇలాగే అనేవారా?" అని ఆలోచించుకోమన్నారు. వాళ్లలో మొగ్గు తగ్గింది.

నేను ఆ ప్రశ్నే పట్టుకుని ఇంటింటికీ తిరిగి రెండు సంఘాలనూ కూర్చోబెట్టాను. "ఎదుటివాళ్ల ప్రణాళిక మీదైతే ఏమనేవారు?" అని అడిగాను. చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. చివరికి గేదెల సంఘం అక్కే అంది: "పొలం మాదైతే మేమూ ఆగేవాళ్లం కాదు. అదును దాటితే ఏముంటుంది? గేదెలు రెండు నెలలాగి కొనొచ్చు." నేను వందసార్లు చెప్పినా ఒప్పుకోని మాట, తన నోటితోనే వచ్చింది. అందరూ ఒప్పుకున్నారని అనను. ఒక చెల్లి ఇప్పటికీ నాతో ముభావంగానే ఉంటుంది.

అక్కల్లారా, ఒక జాగ్రత్త. పక్షపాతం అన్న ప్రతి మాటా అపోహ కాదు. లీడరు బంధువులకే మళ్లీ మళ్లీ అప్పు పోతుంటే అది నిజంగా అన్యాయమే. అందుకే అడిగినవాళ్ల నోరు మూయించకండి, తీర్మానాల పుస్తకం తెరిచి చూపించండి. పేర్లు రాకముందే ఎవరికి ముందు ఇవ్వాలో నియమం రాసుకోండి. ఎదుటి సంఘం గోడు మీ నోటితో చెప్పి, "సరిగ్గానే చెప్పానా?" అని వాళ్లనే అడగండి. ఆ తర్వాతే మీ మాట చెప్పండి.

మన సంఘానికి డబ్బు బ్యాంకు ఇస్తుంది. నమ్మకం మాత్రం మనమే పొదుపు చేసుకోవాలి.