నాన్నగారి రికార్డులు – నా సెల్‌ఫోను
(సాహిత్య వేదికలో చేసిన ప్రసంగ పాఠం)

పాటల గురించి మాట్లాడతాడంటే పాడతాడేమోనని భయపడకండి. నా గొంతు సంగతి మా ఆవిడకు బాగా తెలుసు!

నాన్నగారు పోయాక తెనాలి ఇంటినుంచి రెండు అట్టపెట్టెల నిండా గ్రామఫోను రికార్డులు తెచ్చుకున్నాను. పదేళ్ళు బేస్‌మెంటులో పడి ఉన్నాయి. ఒక వేసవిలో మా ఆవిడ, "వీటి సంగతి తేలుస్తారా, గరాజ్ సేల్‌లో పెట్టమంటారా?" అంది. అప్పుడు మా అమ్మాయి నా ఫోనులో డిస్కాగ్స్ అనే యాప్ పెట్టింది.

కెవిన్ లెవండోస్కీ అనే ఆయన 2000లో ఆరెగాన్‌లో ఎలక్ట్రానిక్ సంగీతం రికార్డుల జాబితాగా దీన్ని మొదలుపెట్టారు. ఇప్పుడు అన్ని రకాల సంగీతమూ ఉంది. రాసేది మనబోటి వాళ్ళే. సీడీ అయితే బార్‌కోడ్‌ను కెమెరాకు చూపిస్తే చాలు. మన పాత ఎల్పీలకు బార్‌కోడ్ ఎక్కడిది? లేబుల్ మీది నంబరు కొట్టి వెతకాలి. లేబుల్‌కూ చివరి గాడికీ మధ్య నల్లటి జాగాలో సన్నటి అక్షరాలు ఉంటాయి. దీపం కింద ఏటవాలుగా పట్టుకుంటే కనిపిస్తాయి. ఒకే ఎల్పీ రెండు మూడుసార్లు అచ్చయితే ఏది ఏదో తేల్చేవి అవే. జాబితాలో లేకపోతే మనమే చేర్చవచ్చు, కాని రికార్డు మన చేతిలో ఉండాలన్నది నియమం.

రెండేసి ఉన్నవి అమ్మకానికి పెట్టాను. అక్కడ 'గుడ్' అంటే బాగున్నట్టు కాదు, బాగా అరిగినట్టు! కంటితో చూసి 'నియర్ మింట్' అని రాసిన ఒకటి గరగరలాడిందని కొన్నాయన తిప్పి పంపాడు. తప్పు నాదే. డబ్బు వాపసిచ్చాను.

అసలు తప్పు వేరే ఉంది. ఘంటసాల గారు 1974లో పోయాక విడుదలైన భగవద్గీత ఎల్పీ మా దగ్గర రెండు ఉండేవి. ఒకటి అమ్మేశాను. వారం తిరక్కుండా కొన్న కుర్రవాడు లోపలి కాగితపు కవరు ఫోటో పంపాడు. "అంకుల్, దీనిమీద ఏదో రాసుంది. నాకు తెలుగు చదవడం రాదు. మా తాతయ్య వినేవారని కొన్నాను."

అది నాన్నగారి దస్తూరీ. "అమ్మకు కళ్ళు కనబడటం లేదు. రోజూ సాయంత్రం వినిపించాలి."

ఈ రోజుల్లో ఆ గీత వినబడితే ఎవరు పోయారని అడుగుతాం. మా నాయనమ్మ దాన్ని బతికుండగా రోజూ విన్నది! ఆ సంగతి నాకూ అప్పుడే తెలిసింది. ఫోను చేసి అతనికి చదివి వినిపించాను. తిరిగి ఇమ్మని నోటిదాకా వచ్చింది. అడగలేకపోయాను. అతనూ తాతగారి కోసమే కదా కొన్నాడు.

అందుకే మీకు నా మనవి. అమ్మండి, మార్చుకోండి, కాని ముందు కవరు లోపల చూడండి. యాప్‌లో ప్రతి రికార్డు కింద 'నోట్స్' అని ఒక గడి ఉంటుంది. ఎవరు కొన్నారో, ఎవరికోసం కొన్నారో అందులో రాయండి. ధర ఎంతో ఆ యాప్ చెబుతుంది. ఈ సంగతి మనం చెబితేనే మన పిల్లలకు తెలుస్తుంది.