గ్రూపులో ఉన్నదెవరో మనకు తెలియాలి
(కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఊళ్లో రచ్చబండ దగ్గర మీటింగు పెట్టుకుంటే హాజరు పట్టీ అక్కర్లేదు. కొత్త ముఖం కనబడితే "ఏ ఊరు బాబూ, ఎవరి తాలూకు?" అని పక్కనున్నవాళ్లే అడుగుతారు. ఇప్పుడు కోతల సీజనులో మన మీటింగులు చాలావరకు ఫోనులోనే. పర్చూరు వాళ్లూ మాచర్ల వాళ్లూ ఒకచోట చేరాలంటే రోజు కూలీ, బస్సు చార్జీలూ పోతాయి కాబట్టి అది తప్పదు. కానీ వాట్సాప్ గ్రూపులో 1024 మంది దాకా పడతారు. "రైతుబిడ్డ" అని పేరు, మందారపువ్వు బొమ్మ పెట్టుకున్న మనిషి ఎవరో ఎలా తెలుస్తుంది?

ఇది చిన్న సంగతి కాదు. యార్డులో ఏ రోజు టిక్కీలు దించకూడదో, రేటు ఎంతకు పడితే రోడ్డెక్కాలో మనం అక్కడే మాట్లాడుకుంటున్నాం. వ్యాపారి మనిషి ఒక్కడు నోరెత్తకుండా వింటే చాలు. 2025 ఫిబ్రవరిలో మిర్చి ధర పడిపోయి, కేంద్రం క్వింటాలుకు 11,781 రూపాయలని ప్రకటించింది. అలాంటి రోజుల్లో ముక్కూ మొహం తెలియని నంబరు నుంచి "రేపు యార్డు బందు" అని ఒక్క మెసేజి వస్తే చాలు, బండి కట్టినవాడు ఆగిపోతాడు. పీఎం కిసాన్ పేరుతో ఏపీకే ఫైళ్లు వచ్చేదీ ఈ గ్రూపుల్లోకే. అది నొక్కి డబ్బు పోగొట్టుకుంటే వెంటనే 1930కి ఫోను చేయాలి.

అలాగని గ్రూపులో ఆధార్, పాసుపుస్తకం ఫొటోలు పెట్టమని అడగొద్దు. ఒకసారి పెడితే అవి ఎవరి చేతికి పోతాయో మన చేతిలో ఉండదు. పైగా కాగితం అడిగితే ముందు బయటికి పోయేది కౌలు రైతే. 2019 చట్టం కింద కౌలు కార్డుకు భూ యజమాని సంతకం కావాలన్నారు. 2025లో సీసీఐ తెచ్చిన కపాస్ కిసాన్ యాప్‌లోనూ పొలం వివరాలు అడిగారు. సంఘం కూడా అదే గుమ్మం కడితే వాళ్లెక్కడికి పోవాలి? మొగుడి ఫోనులో మాట్లాడే ఆడకూతుళ్లూ ఉన్నారు. నంబరు ఎవరి పేరున ఉందో కాదు, మాట్లాడే మనిషి ఎవరో చూడాలి.

మనిషికి మనిషే పూచీ. గ్రామ కమిటీలో ఒకరు "ఈయన మా ఊరాయన" అంటేనే అడ్మిన్ చేర్చుకోవాలి. లింకును ఊరంతా పంచొద్దు. మీటింగు మొదట్లో ఊరి పేరు పిలిస్తే ఆ ఊరివాళ్లు గొంతు వినిపించాలి. వీడియో లేకపోయినా ఫరవాలేదు. తీర్మానానికి బొటనవేలు బొమ్మలు లెక్కపెట్టొద్దు, ఊరూరా పేరు పిలిచి అడగండి. ఆలస్యమవుతుంది, కానివ్వండి.

వచ్చే మీటింగు లోపల ప్రతి గ్రామ కమిటీ తన ఊరి సభ్యుల పేర్లు, వాళ్లు వాడే ఫోను నంబర్లు పుస్తకంలో రాసి మండల కార్యదర్శికి చేతికే ఇవ్వాలి. గ్రూపులో పెట్టొద్దు.